సుగుణమ్మ వద్దన్న బియ్యం

నాగోల్ మెట్రో నడవడం మొదలైన ఏడాది నన్ను నాచారంలోని ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీకి పర్సనెల్ ఆఫీసర్‌గా వేశారు. హాజరు, సెలవులు, గేటు పాసులు నా చేతిలో ఉండేవి. కాంట్రాక్టు వాళ్లకు ‘బ్రేక్’ ఇవ్వడమూ నా పనే. ఏడాది నిండకముందే పాసు ఆపేసి, నెల తర్వాత కొత్తవాళ్లుగా చేర్చుకోవడాన్ని బ్రేక్ అనేవాళ్లం. అట్లా ఎన్నేళ్లు పనిచేసినా కొత్తవాళ్లే కాబట్టి పర్మినెంట్ చేయమని అడిగే వీలుండదు. ఆ జాబితా పొరపాటు లేకుండా చేస్తానని నాకు గర్వం కూడా ఉండేది.

ఆదివారాలు మాత్రం నేను మహా పుణ్యాత్ముణ్ణి. ఉప్పల్‌లో మా విచారణ గుడి, అంటే మా పేట క్యాథలిక్ చర్చి, పేదల సహాయ సంఘానికి కార్యదర్శిని. పూజ అయ్యాక బియ్యం సంచులు పంచేవాళ్లం. మా ఫాదర్ గారు ముసలాయన, చాదస్తుడు, నాకు ఎంతో ఇష్టుడు. పనికీ, కుటుంబం నిలబడే జీతానికీ మనిషికి హక్కు ఉందని శ్రీసభ చెబుతోందని, న్యాయంగా ఇవ్వాల్సినదాన్ని దానమని ఇవ్వకండని ప్రసంగంలో పదేపదే అనేవారు. నేను ముందు బెంచీలో కూర్చుని బుద్ధిగా తలూపేవాణ్ణి.

ఒక ఆదివారం బియ్యం వరసలో మా ప్యాకింగ్ సెక్షన్ సుగుణమ్మ కనిపించింది. మల్లాపూర్‌లో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా బ్రేకుల మధ్యే ప్యాకింగ్ చేస్తున్న పనిమంతురాలు. నన్ను ఆటపట్టించే ధైర్యం ఫ్యాక్టరీ మొత్తంలో ఆమె ఒక్కదానికే ఉండేది. ఆ వారమే ఆమెకు మళ్లీ బ్రేక్ ఇచ్చాను. సంచి అందిస్తే చేయి చాపలేదు. పాసు లేకపోతే వాచ్‌మన్ ఫ్యాక్టరీలోకి రానివ్వడు కాబట్టి నన్ను కలవడానికే వరసలో నిలబడ్డానంది.

“బియ్యమొద్దు సార్. నా పాసు నాకియ్యుండ్రి, బియ్యం నేనే కొనుక్కుంట.”

నాకు సిగ్గేసింది. పక్కనే ఉన్న ఫాదర్ గారు నా చేతిలోని సంచి తీసుకుని వెనక నిలబడ్డ మనిషికి ఇచ్చారు.

సోమవారం నోట్ రాశాను. ప్యాకింగ్ ఏడాది పొడవునా ఉండే పని, అందులో బ్రేక్ చట్టం ముందు నిలవదు, ఇకపై జాబితా మీద సంతకం పెట్టను అని. గుడిలో విన్నది గుడిలోనే పెట్టుకోమన్నాడు మా మేనేజరు. కానీ రాసిన నోట్ ఫైల్లో ఉండిపోతుంది, రేపు లేబర్ ఆఫీసరు అడిగితే చూపించాల్సి వస్తుంది. ఆ భయంతో మూడు వారాలకు ప్యాకింగ్ సెక్షన్‌లో బ్రేక్ ఎత్తేశారు. సుగుణమ్మ పాసు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. జర ముందే సోయొస్తే బాగుండేది సార్ అని నవ్వింది.

తర్వాత ఆమె మా సంఘంలో చేరి, వరసలో ఒక్కొక్కరినీ ఎక్కడ పనిచేస్తున్నావు, పని ఎందుకు పోయింది అని అడగడం మొదలుపెట్టింది. అన్నేళ్లు కార్యదర్శిగా ఉండి నేను ఎవరినీ అడగని ప్రశ్న అది. సంచి ఇచ్చేముందు, ఆ మనిషి ఎవరి సంతకం వల్ల వరసలోకి వచ్చిందో కనుక్కోవాలి. సుగుణమ్మ విషయంలో ఆ సంతకం నాది.