మోకాళ్లు ముడుచుకునే లేఖకుడు

హకోనె కొండ ఎక్కుతూ ఆయాసం తీర్చుకుందామని టీ కొట్టు బల్ల మీద కూలబడితే, పక్కన తోకుబే తగిలాడు. దేశాన్నేలే షోగన్ కోటలో కొలువు దినచర్య ముప్పై ఏళ్లు రాసి మానుకున్న మనిషి. వేలి మీద సిరా మచ్చ ఇంకా వదల్లేదు. ముందు ఆకాశం చూసి, దినచర్యలో మొదటి వరసలా "ఉదయం ఎండ" అని గొణిగితేగానీ టీ గిన్నె ముట్టడు. పక్కనుంచి ఎవరు నడిచినా చటుక్కున మోకాళ్లు దగ్గరికి లాక్కుంటాడు. అలాంటి దినచర్యల నకళ్లు నేనూ కొన్ని తిరగేశాను. వాటిలో ఎవరికీ దగ్గైనా రాదు.

"అక్కడ ఎప్పుడూ ఏమీ జరగదా, తోకుబే గారూ?" అన్నాను.

"జరక్కేమండీ! హయాసె వారి కుర్ర ప్రభువు తొలి దర్శనానికి వచ్చాడు. పాదాలు దాటి రెండు మూరలు వెనక ఈడ్చుకొచ్చే కొలువు లాగు. గడప దగ్గర దాని అంచు ఎక్కడో చిక్కింది. షోగన్ ఎదుటే బోర్లాపడ్డాడు! ఉన్నదున్నట్టు రాస్తే ఆ ఇంటి పరువు గంగలో కలిసేది. పై అధికారేమో నా కుంచె వంకే చూస్తున్నాడు."

"మరేం రాశారు?"

"'హయాసె వారు మామూలుకన్నా బాగా వంగి నమస్కరించారు' అని. నుదురు చాపకు తగిలిందా లేదా?"

కొట్టు ఆవిడ పడీపడీ నవ్వింది. నా ధ్యాస మాత్రం ఆ లాగు అంచు మీదే ఉండిపోయింది.

"గడప పక్కన కూర్చునేదెవరు?"

"ఇంకెవరు, రాసేవాణ్ణి నేనే."

"అయితే ఆ అంచు మీద ఉన్న మోకాలు..."

తోకుబే రెండు మోకాళ్లూ దగ్గరికి లాక్కుని ఆకాశం వైపు చూశాడు. "మధ్యాహ్నం నుంచి వాన," అన్నాడు. పైన మబ్బు తునకైనా లేదు. సిరా పెట్టె చంకన పెట్టుకుని కొండ దిగిపోయాడు.