ఒకే బటన్ ఉన్న స్పీకర్

మా ఆయన గొంతుపెట్టె మొత్తం తీసేయాలని సేలంలో డాక్టరు చెప్పిన రోజు, తిరుగు బస్సులో నేను ఆలోచించింది ఆయన ప్రాణం గురించి కాదు. ఇక వీధిలో కూరగాయలు ఎలా అమ్ముతాడా అని. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది. తొప్పూరు ఘాటులో బస్సు లారీల వెనక పాకుతూ ఎక్కుతోంది. ఆయన కిటికీ పక్కన కూర్చుని, అప్పటికే బొంగురుపోయిన గొంతుతో, "వానల్లేక చెట్లన్నీ మోడైపోయినాయి" అన్నాడు. నేను ఊఁ కొట్టాను.

మాకున్నది మెట్ట నేల. బోరు అడుగంటిపోయాక ఆయన పాత మోపెడ్ ఒకటి కొన్నాడు. మారండహళ్ళి నుంచి ధర్మపురి మార్కెట్టుకు వచ్చే కూరగాయలు తెల్లవారే ఎత్తుకుని, రెండు బుట్టలు కట్టుకుని వీధులు తిరిగేవాడు. "తక్కాళీ, కత్తిరికా, వెండక్కా" అంటూ టమాటా, వంకాయ, బెండకాయల పేర్లు సాగదీసి పిలిచేవాడు. ఆ కేక రెండు వీధుల అవతలికి వినిపించేది. సరుకు ఎవరి దగ్గరైనా ఒకటే, ఆయన బేరమంతా ఆ కేకలోనే ఉండేది.

నేను కుప్పం వైపు పిల్లను. బడిలో తెలుగు చదువుకున్నాను. ఆయన వాళ్లది ఎన్ని తరాల నుంచో ఈ ధర్మపురి వైపే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం, చదవడం ఆయనకు రావు. ఆపరేషన్ దాకా ఆ సంగతి మా మధ్యకు ఎప్పుడూ రాలేదు.

ఆసుపత్రిలో చేరడానికి రెండు రోజుల ముందు, ఫోనులో ఆయన కేకను రికార్డు చేశాను.

"ఇది దేనికి?" అన్నాడు.

"ఉండనీ. మళ్లీ తిరగబోతావు కదా."

పెరట్లో నిలబడి, చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని కేక పెట్టాడు. గొంతు పాడైనా కేక మాత్రం అరిగిపోలేదు. మూడుసార్లు పిలిచి ఆగి, "చాలునా? ఇంకోసారి చెప్పల్నా?" అన్నాడు. చాలన్నాను.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. మెడ కింద ఒక రంధ్రం పెట్టారు, ఊపిరి ఇక అందులోంచే. దుమ్ము పోకుండా దాని మీద పల్చటి గుడ్డ కట్టుకోవాలి. నోరు కదిలేది, మాట వచ్చేది కాదు. ఒక పలక కొన్నాను. ఆయన తమిళంలో రాసేవాడు, నేను కూడబలుక్కుని చదివేదాన్ని. నేను తెలుగులో మాట్లాడితే ఆయన తమిళంలో జవాబు రాసేవాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో మా ఇంట్లోకి తమిళం అలా వచ్చింది. తమాషాలు ఆడే మనిషి, పలక చేతికొచ్చాక అన్నీ రెండు మాటల్లో తేల్చేసేవాడు. అంత రాయడానికి ఓపిక ఎవరికి ఉంటుంది.

నాలుగు నెలలకు మళ్లీ మోపెడ్ తీశాడు. హ్యాండిల్‌కు గంట కట్టుకున్నాడు. గంట మోగితే పిల్లలు ఐస్ బండి అనుకుని బయటికి వచ్చి, చూసి వెనక్కి పోయేవారు. సగం సరుకు ఇంటికి తిరిగొచ్చేది, రెండో రోజుకు వాడిపోయేది. అప్పుడు నేనే అన్నాను, చిన్న స్పీకర్ ఒకటి కొని ఆ రికార్డు పెట్టుకుందామని.

"గంట చాలు" అని రాశాడు.

"చాల్లేదు కదా, చూస్తానే ఉండాము."

ఆయన పలక తుడిచేసి మళ్లీ ఏమీ రాయలేదు. ఒప్పుకున్నాడని నేను అనుకున్నాను.

బస్టాండు పక్క వీధిలో ఫోన్ల కొట్టుకు ఇద్దరం వెళ్లాం. కొట్టాయన నడివయసు మనిషి, ఓపిక ఉన్నవాడు. అరచేతిలో పట్టే స్పీకర్లు మూడు బల్ల మీద పెట్టాడు. మొదటిదాంట్లో ఏదో పాట వేశాడు. బల్ల అదిరింది. నేను మా ఫోన్ ఇచ్చి, పాట వద్దు, ఇది వినిపించమన్నాను. కేక మొదలైంది. బావిలోంచి పిలుస్తున్నట్టుంది, ఏ కూరగాయో తెలియడం లేదు.

"అక్కా, ఇవి పాటలకు చేసినవి" అన్నాడు తమిళంలో. "దడదడమనే చప్పుడు ఎక్కువ పెడతారు. మాట కోసం ఎవరూ కొనరు."

రెండోది పలుచగా, రేకు మీద గీకినట్టు పలికింది. మూడోది గుండ్రంగా, నల్ల రబ్బరు తొడుగుతో, తగిలించుకోవడానికి తాడుతో ఉంది. దానికి ఒకటే బటన్. దాన్ని పట్టుకుని ఆయన రోడ్డు మీద నిలబడ్డాడు. నేను బస్సులు, ఆటోల మధ్య నడుచుకుంటూ వీధి చివరికి పోయి నిలబడ్డాను. అక్కడికి వినిపించింది. వెండక్కా అన్నప్పుడు చివర ఎత్తే ఎత్తు కూడా తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే, అంత దూరంలో ఆయన నోరు మూసుకుని నిలబడి ఉన్నాడు. వచ్చి, ఇదే కావాలన్నాను. ఆయన మొహం చూడలేదు.

కేక ఆగకుండా తిరుగుతూ రావాలంటే చివర ఉన్న చప్పుళ్లు కోసేయాలన్నాడు కొట్టాయన. కోసేయమన్నాను. రెండు నిమిషాల పని. అలా కోసేసిన ముక్కలోనే "చాలునా, ఇంకోసారి చెప్పల్నా" అన్నది పోయింది. ఫోనులో ఆయన తెలుగు అదొక్కటే ఉందన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఇంటికి పోయాక కూడా రాలేదు. చాలా రోజులకు వచ్చింది.

ఒక వారం దాన్ని రోజువారీ వాడకానికి పనికొస్తుందా లేదా అని చూశాం. రోజంతా వస్తుందన్న ఛార్జి, చప్పుడు నిండుగా పెడితే పదకొండుకల్లా అయిపోయేది. ఎండలో వేడెక్కి ఒకసారి దానంతటదే ఆగిపోయింది. తడిగుడ్డ చుట్టి పెడితే మళ్లీ పలికింది. వానకు తడిసినా ఏమీ కాలేదు. ఫోన్ చొక్కా జేబులో, స్పీకర్ హ్యాండిల్‌కు. పొద్దున పెట్టగానే లోపలి నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పేది, ఆ తర్వాత ఆయన కేక. సాయంత్రం ఆయన ఇవన్నీ పలక మీద రాసి చూపించేవాడు. ఆ వారం ఆయన ఎక్కువ రాశాడు. సరుకు కూడా తిరిగి రాలేదు. నాకు కొంచెం ఊపిరాడింది.

ఒక్కటి మాత్రం ఆయన రాయలేదు, నాకు తర్వాత తెలిసింది. ఆయన దగ్గర ఎప్పుడూ కొనే ఒక ముసలమ్మ, మొదటి రోజు కేక విని, గొంతు వచ్చేసిందనుకుని పరుగున గేటు దాకా వచ్చిందట. వచ్చి, మెడ మీద గుడ్డను, మూసి ఉన్న నోటిని చూసి, అరకిలో వంకాయలు తీసుకుని పోయిందట. అలాంటివారు ఇంకా ఎందరో నాకు తెలియదు.

అప్పుడే మెడలో ఇంకో పక్క గడ్డలా తగిలింది. సేలం వెళ్లి ముక్క పరీక్షకు ఇచ్చి వచ్చాం. హరూర్‌లో మా వదిన ఉంటుంది, ఆయన అక్క. ఆమె కూతురు అదే ఆసుపత్రిలో నర్సు. రిపోర్టు ఏదైనా ముందు నాకే చెప్పాలని వదినతో అన్నాను. "తమ్మునికి చెప్పొద్దులే. నువ్వు, నేను మాట్లాడుకొని చూద్దాము" అంది వదిన. మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే ఫోన్. అందుకే వదిన ఎప్పుడూ ఆయన తిరిగొచ్చాక, మధ్యాహ్నమే చేసేది.

ఒక బుధవారం ఆయన మామూలు వేళకే ఇంటికి వచ్చాడు. బుట్టలు ఖాళీ. కాళ్లు కడుక్కున్నాడు, సంగటి తిన్నాడు, పడుకున్నాడు. నాకేమీ తేడా కనపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం రేషన్ కొట్టు వరుసలో ఆ ముసలమ్మ నా పక్కకు వచ్చింది. "నిన్న మీ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఆ పెట్టెలోంచి ఒక ఆడమనిషి మీ భాషలో ఏడుస్తూ మాట్లాడిందే. వీధంతా వినింది. మాకు అర్థం కాలేదు. నీ మొగుడు తక్కెడ చేత్తో పట్టుకుని అట్లే నిలబడిపోయాడు."

బియ్యం తీసుకోకుండానే ఇంటికి వచ్చి, ఆయన నిద్రలో ఉంటే ఫోన్ తీసి వదినకు చేశాను.

"నిన్న పొద్దున ఫోన్ చేసినావా?"

"చేసినాను కదా" అంది. "పాప చెప్పినంక నాకు మనసు నిలవలేదు. మధ్యాహ్నం దాకా ఓర్చుకోలేకపోతిని. ఎందుకు అడుగుతావు?"

"నేను ఏమన్నాను?"

"నువ్వు యాడ మాట్లాడినావు? తమ్ముడు ఫోన్ ఎత్తడు కదా, నువ్వే ఏడుస్తా ఉండావు అనుకుని నేనే అంతా చెప్పినాను. మళ్లీ వచ్చేసిందంట, ఇంక కోసేదానికి లేదంట, ఆరు నెలలు అంటా ఉండారు, తమ్మునికి తెలియకుండా చూసుకో అమ్మీ, అని చెప్పి పెట్టేసినాను."

ఆ వేళ ఫోన్ ఆయన జేబులో ఉందని నేను చెప్పనక్కరలేకపోయింది. నేను అడిగిన తీరుకే వదినకు అర్థమైంది. "అయ్యో, ఏం పని చేసినాను" అంది చిన్నగా. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆయన గంట చాలన్నాడు, స్పీకర్ తెచ్చింది నేను.

ఏం జరిగిందో తర్వాత నేను అడిగితే ఆయనే రాసి చూపించాడు. రాసి, తుడిచి, మళ్లీ రాసి, నాలుగు పలకలు పట్టింది. ఎవరికో టమాటా తూస్తున్నాడు. కేక మధ్యలో ఫోన్ మోత స్పీకర్‌లోంచి పెద్దగా వచ్చింది. ఒక చేతిలో తక్కెడ ఉంది. మోత ఆపుదామని రెండో చేత్తో స్పీకర్ బటన్ నొక్కాడు. పాట ఆపేదీ, ఫోన్ ఎత్తేదీ ఆ ఒక్క బటనే. ఆ సంగతి మేం వారం రోజుల్లో ఒక్కసారి కూడా చూసుకోలేదు. అక్క గొంతు వీధిలోకి వచ్చింది. ఆపమని చెప్పడానికి ఆయనకు మాట లేదు. మళ్లీ నొక్కితే ఆగుతుందేమో, కానీ ఆయన నొక్కలేదు. అంతా విన్నాడు. చుట్టూ ఉన్న నలుగురైదుగురికీ తెలుగు రాదు.

అవన్నీ తుడిచేసి ఇంకొకటి రాశాడు. నేను కూడబలుక్కుని చదివాను. "ఎన్ని నెలలని చెప్పింది? ఆ మాట దగ్గర బస్సు హారన్ కొట్టింది."

పెరట్లో తడి గోనెసంచి మీద ఆకుకూరల కట్టలు ఉన్నాయి. నేను వాటి మీద నీళ్లు చల్లుతూ, "ఏడాది పైనే అన్నారంట" అన్నాను. ఆయన నన్ను కాసేపు చూశాడు. తర్వాత "సరి" అని రాశాడు. నమ్మాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నమ్మలేదనే అనుకుంటాను. ఆయన దగ్గర అబద్ధం చెప్పి నేను ఎప్పుడూ గెలవలేదు.

తర్వాత వారం సేలం వెళ్లాం. డాక్టరు మంచివాడే. మందు ఎక్కించి చూద్దామన్నాడు, తగ్గుతుందని అనలేదు. రెండుసార్లు ఎక్కించారు. మూడోసారికి ఆయన బస్సు ఎక్కనన్నాడు. తల అడ్డంగా ఊపి, మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. వదిన హరూర్ నుంచి వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "నా నోరు పడిపోనురా" అని ఏడ్చింది. ఆయన ఆమె భుజం తట్టాడు. పలక మీద "నువ్వు చెప్పకపోతే ఎవరూ చెప్పరు" అని రాశాడు. వదినకు చదువు రాదు. నేను చదివి వినిపించాను.

మందులకు పోనన్నాడు గానీ, అమ్మకానికి పోవడం మానలేదు. ఇరవై రోజులో ఏమో, మోపెడ్ తీస్తూనే ఉన్నాడు. నేను ఆ స్పీకర్ వద్దు, గంటే కట్టుకో అన్నాను. వినలేదు. దాన్నే తగిలించుకుని పోయేవాడు, ఫోన్ మాత్రం మోగకుండా పెట్టుకునేవాడు. సరుకు అమ్ముడుపోయేది. మనిషి రోజురోజుకూ తగ్గిపోతుంటే, స్పీకర్‌లో కేక మాత్రం మొదటి రోజులాగే ఉండేది. ఒకరోజు ఎదురింటికి ఈమధ్యే వచ్చినావిడ, "మీ ఆయనకు ఇప్పుడు నయమేనా, పొద్దునే గొంతు వినపడుతోంది" అంది. ఆవిడకు తెలియక అడిగింది. నయమేనన్నాను.

చివరికి ఒక ఉదయం మోపెడ్‌ను స్టాండు మీద నుంచి దించలేకపోయాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, బుట్టలు విప్పేసి లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత బయటికి పోలేదు. వేళ్లలో బలం పోయి రాయడం కూడా తగ్గింది. ఏం కావాలో నేనే అడిగేదాన్ని, ఆయన కళ్లతో ఊఁ, ఊహూఁ అనేవాడు. ఆరు నెలలు కూడా పూర్తి కాలేదు. నాలుగో నెల చివర, ఒక మిట్టమధ్యాహ్నం, నేను గంజి వార్చి తెచ్చేలోపు పోయాడు. పోతూ ఏమైనా అనబోయాడో లేదో కూడా నాకు తెలియదు. అన్నా వినపడేది కాదు.

మోపెడ్ నడపడం నాకు రాదు. ఇప్పుడు మార్కెట్టు వెనక గోడ పక్కన సంచి పరుచుకుని కూర్చుంటాను. మారండహళ్ళి నుంచి వచ్చే టమాటాలే. పక్కన ఇంకో పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. కావలసినవాళ్లు నడుచుకుంటూ వస్తారు, వంగి ఏరుకుంటారు, పోతారు. అక్కడ ఎవరూ కేక పెట్టరు. మిగిలిన సరుకు సాయంత్రం ఇంటికి మోసుకొస్తాను. ఎక్కువ రోజులు సగం మిగులుతుంది.