చచ్చిన బండి డైనమో

"చచ్చిన బండి సామాను ఈ గడప తొక్కడానికి వీల్లేదు. రేపు పొద్దున్నే బేరగాణ్ణి తీసుకొస్తున్నా. కారు అమ్మి పారెయ్యండి."

"అమ్మడానికి కారు మీది కాదు బావగారూ."

"ఏరా, నీ పెళ్ళాం నాతో సూటిగా మాట్లాడేంతదయిందా?"

"ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నారు. లేచి తిరిగేదాకా నేనే మాట్లాడతా."

మొన్న మా మనవడు తన పాత కారుకు ఆల్టర్నేటరు కాలిపోయిందని, ఫోనులో బొమ్మలు జరుపుకుంటూ, ఏది చవకో ఏది మన్నేదో తేలక తల పట్టుకు కూర్చుంటే, అరవై ఏళ్ళ కిందట మా వసారాలో జరిగిన ఈ గొడవ మాట పొల్లుపోకుండా గుర్తొచ్చింది. మా రోజుల్లో దాన్ని డైనమో అనేవాళ్ళం. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీకి కరెంటు ఎక్కించేది అదే, అది పోతే బండి గొడ్డుపోయినట్టే. బావగారంటే మా ఆయనకు అన్నగారు. ఆ కాలంలో మరదలు బావగారి ఎదటపడి మాట్లాడేది కాదు, తలుపు చాటున నిలబడి అత్తగారి చెవిలో వేస్తే ఆవిడ కొడుక్కి చేరవేసేది, అటు జవాబు కూడా అదే దారిన వచ్చేది. ఆ పొద్దున మా అత్తగారు నా మాటను సగం మింగి సగం చెబుతుంటే ఓపిక పట్టలేక, తలుపు దాటి వసారాలోకి వచ్చేశాను. వచ్చినందుకు ఇప్పటికీ నాకు చింత లేదు.

ఆ కారు ఏ దొరో వాడి వదిలేస్తే చేతులు మారి మారి మా ఇంటికొచ్చింది. పొలం ఉమ్మడిది, పెత్తనం బావగారిది, మా చేతిలో ఉన్నదల్లా సత్తెనపల్లికీ గుంటూరుకీ నడుమ ఆ కారు తిప్పితే వచ్చే కిరాయి. మేము ఎవరి ముందూ చెయ్యి చాచకుండా తింటున్న తిండి అదొక్కటే. మా ఆయన గడ్డివామి మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాక, ఊళ్ళోనే ఉండే సాయిబు ఒకాయన, నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు, బండి తోలుతున్నాడు. మిరపకోతలు మొదలయ్యే వేళ, కిరాయిలు ఎగబడే వేళ, డైనమో కాలింది. కారు పోతే ఇక బావగారి కళ్ళంలో మిరపరాశి నుంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుకుంటూ, ఆయన పెట్టింది తింటూ, ఆయన చూసిన వైపు చూస్తూ బతకాలి. అంతకంటే చావు నయమనిపించింది నాకు.

కొత్తది మద్రాసు నుంచి రావాలి, వచ్చేసరికి కోతలైపోతాయి, ధర వింటేనే కళ్ళు తిరిగాయి. పాతదానికే తీగ చుట్టిద్దామంటే దాని ఒళ్ళు కూడా పగిలింది. గుంటూరులో పాతసామాన్ల కొట్టులో మా బండికి సరిపోయేది ఒకటుందనీ, అది కాలవలో పడి మనిషి పోయిన కారుదనీ డ్రైవరన్న అన్నాడు. ఆ మాటే బావగారి చెవిన పడింది. మా అత్తగారు కూడా వద్దంటే వద్దంది. నేనన్నాను గదా, ఇనుము ఎవరి చావు చూసిందో విచారించుకుంటూ పోతే ఈ ఊళ్ళో ఒక్క నాగటికి కర్రు మిగలదు, కమ్మరి కొలిమిలో పడేవన్నీ పాతవే, వాటితో దున్నిన అన్నమే అందరం తింటున్నాం. మా ఆయన మంచంలోంచి వెళ్ళిరమ్మని తల ఊపారు. పాత డైనమోను గోతంలో వేసుకుని డ్రైవరన్నా నేనూ బస్సెక్కాం.

కొట్టాయన ముందు వరసలో వెండిరంగు పూసి తళతళలాడేవి పెట్టాడు. మిర్చి బస్తా మూతి దగ్గర నిగనిగలాడే కాయ ఎందుకు పెడతారో నాకు తెలియదా? బస్తాలో అడుగుదాకా చెయ్యి దూర్చందే మా ఇంట్లో ఏదీ కొనలేదు. అందుకని మూలనున్న జిడ్డోడుతున్నదాన్ని తీయించి, మూత విప్పించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తీగ కాలితే ఆ మాడువాసన ఎన్నాళ్ళయినా పోదు.

"ఏమ్మా, వాసన చూసి కొనడానికి ఇదేమన్నా వంకాయల అంగడా?" అన్నాడు కొట్టాయన.

"వంకాయకైతే పుచ్చు పైకి కనపడుద్ది. దీనికి కనపడదుగా నాయనా."

డ్రైవరన్న పాతదాని పక్కన పెట్టి కొలిచాడు, బ్యాటరీ తీగలు తగిలిస్తే అది తనంతట తానే గిర్రున తిరిగింది. సరేనన్నాను. ఎవరి బస్తా మూతికి వాళ్ళ రంగు పీలిక కట్టి మిర్చికొట్లకు పంపడం మా ఊరి అలవాటు, బస్తాలు కలిసిపోకుండా. ఆ అలవాటుకొద్దీ నా ఎర్రగుడ్డ సంచి అంచు చింపి, ఆ పీలిక దానికి ముడివేశాను. తుడిచి ఇస్తానని లోపలికి పట్టుకెళ్ళిన కొట్టాయన శుభ్రంగా తుడిచిన డైనమో తెచ్చి చేతిలో పెట్టాడు. పీలిక లేదు.

"నా పీలికేదయ్యా?"

"తుడిచేటప్పుడు ఊడిపోయిందమ్మా."

"నేను కట్టిన ముడి ఎడ్లు లాగినా ఊడదు. పద లోపలికి, నేనే తెచ్చుకుంటా."

లోపల బల్ల కింద ఎర్ర పీలికతో సహా కూర్చుని ఉంది నాది. కొట్టాయన దాన్ని తీసి మా గోతంలో పెట్టాడు. బస్సులో దారి పొడుగునా డ్రైవరన్న నవ్వుతూనే ఉన్నాడు. పొద్దుగూకక ముందే దాన్ని బిగించాడు.

నేను చదివింది కూడబలుక్కుని పేరు రాసేటంత. అయినా వస్తువును ముట్టుకుని, తిప్పి చూసి, అమ్మేవాడి మొహాన మాట అని కొన్నాను. ఇప్పుడు మా మనవడికి ముట్టుకోవడానికి వస్తువూ లేదు, పోట్లాడడానికి మనిషీ లేడు. బొమ్మ కింద ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు బాగుందని రాస్తే నమ్మాలట. సుఖమే, కాదనను. కాని మా తరం ఆడవాళ్ళు కొట్లాడి తెచ్చుకున్న వస్తువు మీద మమకారమే వేరు, అది మన మాట గెలిచిందనడానికి సాక్ష్యంగా ఇంట్లో ఉండేది.

మర్నాడు పొద్దున బావగారు అన్నంత పనీ చేసి బేరగాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. అప్పటికే కారు పత్తి వర్తకులను ఎక్కించుకుని గుంటూరు దారి పట్టింది. పాకలో చక్రాల జాడలు తప్ప ఏమీ లేవు. "అమ్మకానికన్నారు, కారేదండీ?" అని బేరగాడు అడిగాడు. మా అత్తగారు అతని చేతికి మజ్జిగ గ్లాసిచ్చి, "మా కోడలు కిరాయికి పంపింది నాయనా" అంది.