పేరమ్మ తిట్లకు పూసిన మామిడి

మా అవ్వ పేరమ్మ తిడితే కరెంటు స్తంభమైనా మొగ్గ తొడిగి పూస్తుంది.

ఇది గొప్పకు చెప్పే మాట కాదు, జరిగిన సంగతి. బోగోలు నుంచి తూర్పుగా నడిచి, ఇసక మొదలయ్యాక ఇంకాస్త కాళ్లీడ్చుకుంటే మా పాలెం వస్తుంది. చేపలు పట్టుకుని బతికేవాళ్లం. అరవై రెండులోనో అరవై మూడులోనో అక్కడికి కరెంటు స్తంభాలు తెచ్చి, ఒకదాన్ని సరిగ్గా మా గుమ్మం ముందర పాతారు. అవ్వ దాని చుట్టూ తిరిగి, తలెత్తి చూసి, ఆకూ లేకుండా కొమ్మా లేకుండా ఇంత ఎత్తు పెరగడానికి సిగ్గు లేదా అని అడిగింది. అది జవాబు చెప్పలేదు. ఆనాటి నుంచి రోజూ ముఖం కడుక్కోగానే దానికి నాలుగు తిట్లు. కొన్నాళ్లకు స్తంభం నిండా పసుప్పచ్చని పూలు. పక్కింటి బీరతీగ పాకిందని గిట్టనివాళ్లు అంటారు. తీగ మా దడి మీదికి పాకకుండా స్తంభం మీదికే ఎందుకు పాకిందో మాత్రం వాళ్లు చెప్పరు.

అవ్వ మనుషుల్ని పల్లెత్తు మాట అనేది కాదు. కూరచట్టిలో మూతి పెట్టిన పిల్లిని కూడా పోనీలే తల్లీ, ఆకలేసిందేమో అని ఓదార్చేది. చెట్టు కనపడితే మాత్రం నోరు ఆగేది కాదు. అందులోనూ ఒక పద్ధతి ఉండేది. మునగచెట్టును బద్ధకపు కోడల్ని తిట్టినట్టు తిట్టేది. చింతచెట్టును పిసినారి మామను తిట్టినట్టు తిట్టేది. జీడిమామిడి ఇసక మీద పొర్లుతూ పెరుగుతుంది గనక దాన్ని తాగి పడిపోయిన మొగుణ్ణి తిట్టినట్టు తిట్టేది. కొబ్బరిచెట్టుకు మాత్రం కాస్త మర్యాద. అది కోపమొస్తే నెత్తిన కాయ పడేస్తుందని భయం.

ఒకసారి కావలి బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా చెట్లను తిడుతూనే పోయింది. "తిని తిని బలిసినావు, ఒక్కనాడన్నా ఎవురికన్నా పనికొచ్చినావా?" అని ఒక తుమ్మచెట్టును అడిగే సమయానికి కండక్టరు జయకుమార్ టిక్కెట్లు కొడుతూ పక్కకొచ్చాడు. కాస్త భారీ మనిషి. గబగబా టిక్కెట్టు చేతిలో పెట్టి వెనక్కు పోయాడు. ఆ తర్వాత మా పాలెం వాళ్లు ఎవరు చెయ్యెత్తినా బస్సు ఆపేవాడు. చేపల గంపలు తనే పైకి అందించేవాడు. తుమ్మచెట్టు సంగతి తెలియదు గానీ, జయకుమార్ మాత్రం బాగా పూశాడు.

తిట్లకు అసలు గిరాకీ పూతపండగప్పుడు. ఫాల్గుణ పున్నమికి మా పాలెంలో ఒక్క పడవా నీళ్లలోకి దిగదు. ఆరోజు పూసిన ప్రతి చెట్టూ కడుపుతో పుట్టింటికొచ్చిన కూతురే. మొదలుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, కొమ్మలకు గాజులు కట్టి, చలిమిడి ముద్ద వేళ్ల దగ్గర పెడతాం. డప్పులు మోగుతుంటే ఒకరి మీద ఒకరు పసుపునీళ్లు పోసుకుంటారు. నడుము నొప్పితో మంచం దిగని ముసలమ్మలు కూడా ఆరోజు ఎగిరి గంతేస్తారు, మర్నాటి నుంచి మళ్లీ మూలుగుతారు. కానుగ పూత నేలంతా పేలాలు జల్లినట్టు రాలి ఉంటుంది. వేప పూత వాసన, మునగ పూత వాసన, వాటి మధ్యలో మా ఎండుచేపల వాసన. స్వర్గం ఇట్లాగే ఉంటుందని మా అందరి నమ్మకం.

పూయని చెట్టుకు మాత్రం గొడ్డలి మర్యాద. ఆ గొడ్డలి అవ్వ చేతిలో ఉండేది. ఆమె చెట్టు ముందర దాన్ని ఎత్తి "నరికేదా?" అని అడగాలి. చెట్టు వెనక దాక్కున్న ఇంటాయన గొంతు మార్చి "నరకొద్దు తల్లీ, వచ్చే ఏడు పూస్తా" అనాలి. ఈ వేడుక రెండేళ్లే. మూడో ఏడూ పూయకపోతే నిజంగానే నరకాలి. మా పాలెంలో ఉప్పులేని నీళ్లు దొరకడం కష్టం. ఆడవాళ్లు ఇసకలో గుంట తవ్వి, ఊరిన నీటిని ముంతతో తోడి, బిందెలతో మోసుకొచ్చి చెట్లకు పోస్తారు. ఊరికే తాగి కూర్చునే చెట్టును ఎంతకాలమని మేపుతారు? కొట్టిన మాను పడవలు చేసే కామాక్షయ్యకు పోయేది.

అయితే అవ్వ గొడ్డలి పట్టిన నాటినుంచీ ఒక్క చెట్టూ కూలలేదు. పండగ ముందురోజు పొద్దున పడవలు ఒడ్డు చేరే వేళకు పాలెమంతా గంపలెత్తుకుని సముద్రం వైపు పరుగెత్తేది. అవ్వ ఒక్కతే గొడ్డలి భుజాన వేసుకుని ఎదురు దిక్కుగా పోయేది. ఎవరూ వెంట రాకూడదు, మర్నాడు డప్పులు వచ్చేదాకా ఆ చెట్టు వైపు తొంగి చూడకూడదు. నలుగురి ముందర తిడితే చెట్టుకు సిగ్గేస్తుందట. సిగ్గేస్తే మొగ్గ లోపలికి పోతుందట. మేము ఒడ్డున వలల్లోంచి చేపలు విదిలించుకుంటుంటే ఆ తిట్లు గాలికి ఎదురీది మా దాకా వచ్చేవి. మర్నాటికి చెట్టు పూసి ఉండేది. మాలకొండమ్మ మునగ అట్లాగే పూసింది. పాలెం పెద్ద పద్మనాభయ్య బాదం అట్లాగే పూసింది. కామాక్షయ్య సొంత జీడిమామిడీ అట్లాగే పూసింది. ఒకసారి గండం గడిస్తే చెట్టుకు మళ్లీ మూడేళ్ల గడువు. ఆలోగా చాలావరకు వాటికవే దారిలో పడేవి.

ఈ పేరు విని మనుబోలు నుంచి ఒక నిమ్మతోట ఆసామి బండి కట్టుకుని వచ్చాడు. తోటంతా ఒక్కసారి తిట్టిపొమ్మని బతిమాలాడు. అవ్వ రానంటే రానంది. ఆ పక్క చెట్లకు తన యాస అర్థం కాదంది.

స్తంభం పూసిన మరుసటి ఏడు హజరత్తయ్య మామిడికి గడువు తీరింది. హజరత్తయ్య వలలు బాగుచేసే ముసలాయన. మోకాళ్లు పోయి సముద్రం మానుకున్నాక ఆ చెట్టు నీడన వల పరుచుకుని, కాలి బొటనవేలికి దారం తగిలించుకుని, చిరుగులు అల్లుకుంటూ బతుకుతున్నాడు. ఆయన గుడిసె ఎంతంటే, పడుకుంటే కాళ్లు వీధిలో ఉంటాయి. మాఘం పోయాక మా ఇసక మీద నీడ లేకుండా కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. చెట్టు పోతే పని పోతుంది. పని పోతే చిట్టమూరులో అల్లుడింటికి పోవాలి. అల్లుడు ఆదెయ్య మంచివాడే. కాకపోతే హార్మోనియం నేర్చుకుంటున్నాడు. పెళ్లికి ముందు నుంచీ నేర్చుకుంటూనే ఉన్నాడు.

కామాక్షయ్య ఒకనాడు వచ్చి ఆ మాను చుట్టూ చేతులు వేసి చూసుకున్నాడు. ప్రేమతో కాదు, పలకలు ఎన్నొస్తాయోనని. అది చూసిన హజరత్తయ్య ఆ సాయంత్రమే వచ్చి మా గుమ్మంలో చతికిలబడ్డాడు.

"అక్కా, ఈసారి కొంచెం గట్టిగా తిట్టక్కా."

"నువ్వే దాన్ని ముద్దుచేసి చెడగొట్టినావు తమ్ముడా. చూస్తాలే, పో."

చూస్తానంది గానీ అవ్వకు అప్పటికే చూపు మందగించింది. ఆ వారమే దూరంగా మేస్తున్న గేదెను చూసి, రాఘవమ్మ వదినా బాగుండావా అని పలకరించింది. అది పలక్కపోయేసరికి మనసు కష్టపెట్టుకుంది.

పండగ ముందురోజు తిట్టిన తిట్లు మాత్రం ఇప్పటికీ పాలెంలో చెప్పుకుంటారు. "నీ బెరడూడ, బిందెలు బిందెలు తాగతా ఉండావే, ఆ నీళ్లన్నీ యాడ దాచిపెడతా ఉండావు? నువ్వు పోతే ఆ ముసలాయన పొద్దస్తమానం హార్మోనీ వినాల. నీకు దయ లేదా మొద్దూ?" ఒడ్డున మా అందరికీ కన్నీళ్లొచ్చాయి. సగం నవ్వుకు, సగం హార్మోనియం తలుచుకుని.

మర్నాడు డప్పులతో ఊరేగింపుగా అక్కడికి పోయేసరికి, మామిడి కింది కొమ్మలన్నీ తెల్లగా గుత్తులు గుత్తులు. డప్పులవాళ్లు రెచ్చిపోయారు. వేడుక గడువు చెల్లినా ఆశ చావక, కళ్లు గట్టిగా మూసుకుని చెట్టు వెనక దాక్కున్న హజరత్తయ్యకు ఇదేమీ తెలియదు. వారం నుంచి సాధన చేసిన గొంతుతో "నరకొద్దు తల్లీ" అని ఏడుస్తూనే ఉన్నాడు. ఇద్దరు పోయి ఇవతలికి లాక్కొచ్చారు.

కామాక్షయ్య తన పలకలు పోయినందుకు ఒక నిట్టూర్పు విడిచాడు. భుజం మీద ఒక గుత్తి రాలింది. ఏది దొరికినా నోట్లో వేసుకునే అలవాటు ఆయనది. వేసుకుని నమిలాడు. ముఖం మెలితిరిగింది.

"మామిడి పూత చేదుగా ఉండాదే," అన్నాడు.

డప్పులు ఆగిపోయాయి. అందరూ తలలెత్తి చూశారు. చెట్టు మామిడి. ఆకు మామిడి. పూత వేప. ప్రతి గుత్తి తొడిమకూ వల దారం. మా వాళ్లు ముడి చూసి మనిషి పేరు చెబుతారు, కొట్టుకొచ్చిన వలముక్క ఎవరిదో అట్లాగే తేలుస్తారు. అవి ఎడమచేతి ముళ్లు. పాలెంలో ఎడమచేత్తో ముడి వేసేది పేరమ్మ ఒక్కతే.

ఆ పేరమ్మ గొడ్డలి పట్టుకుని, ఇదంతా వేరే ఊళ్లో జరుగుతున్నట్టు సముద్రం వైపు చూస్తూ నిలబడింది. హజరత్తయ్య ముఖంలో అప్పుడే చిట్టమూరు కనపడుతోంది.

మాలకొండమ్మకు ఏదో గుర్తొచ్చింది. ఆ ఏడు తన మునగ పొద్దున పూసి సాయంత్రానికి వాడిపోయింది. పద్మనాభయ్యకూ గుర్తొచ్చింది. తన బాదం అంత పూసి ఒక్క పిందె కూడా వేయలేదు. కామాక్షయ్య పెళ్లాం చెంచులక్ష్మి వాళ్ల జీడిమామిడి వైపు ఒకసారి చూసి, తర్వాత మొగుడి వైపు చూసింది. కామాక్షయ్య మింగలేక ఉమ్మలేక నిలబడి ఉన్నాడు.

పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏం కామాక్షయ్యా, చేదంటివే?"

కామాక్షయ్య గుటుక్కున మింగేశాడు. "చేదు పూతది కాదు మామా. పొద్దున వేపపుల్లతో పళ్లు తోముకున్నా. నా నోరే చేదు."

"అయితే చెట్టు పూసినట్టేనా?"

"కళ్ల ముందర కనపడతా ఉండాదిగా."

డప్పులు మళ్లీ అందుకున్నాయి. హజరత్తయ్య మోకాళ్ల సంగతి మరిచిపోయి చిందులేశాడు. కామాక్షయ్యే బిందెడు పసుపునీళ్లు తెచ్చి ఆయన నెత్తిన కుమ్మరించాడు. గాజులు కట్టే వంకతో ఒక్కొక్కరే చెట్టెక్కి, జారబోతున్న గుత్తుల్ని మళ్లీ బిగించి దిగారు. అవ్వేమో ఇదంతా తన నోటి మహిమే అన్నట్టు చెట్టు ముందర నిలబడి, ఈ బుద్ధి ముందే ఉంటే నాకు గొంతు నొప్పి తప్పేది కదా అని దాన్ని ఇంకో విడత తిట్టింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నవాళ్లే అందరూ. పాపం ముసలిది, కళ్లు కనపడక మామిడికి వేప కట్టుకుంది, ఆమె ముందర ఎవరూ ఎత్తకండి అని పద్మనాభయ్య గుసగుసగా అందరికీ చెప్పి పంపాడు.

అందరూ మాట నిలబెట్టుకున్నారు. నేను ఇంటి దాకా కూడా ఆగలేకపోయాను.

"అవ్వా, నువ్వు కట్టింది వేప పూత. వచ్చే ఏడు నన్ను తీసుకుపో, ఏది ఏ పూతో నేను చూసి చెప్తా."

అవ్వ నడక ఆపలేదు. "కళ్లు పోయింది నాకు కాదే, నీకు. మామిడి పూత తుంచితే ఇంకొకరింట్లో కాయలు పోవా? వేప పూతకు ఏడ్చేదెవురు? చెప్పేది మానుకుని, వచ్చే ఏడు నిచ్చెన పట్టుకో."