విజయశ్రీ రెండో శనివారాలు

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగితే మూడో గల్లీలో విజయశ్రీ టైలరింగ్ షాపు. ముందు షాపు, తెర వెనక ఒక గది. ఆ గదే ఇల్లు. పెళ్లయిన రెండేళ్లకే ముషీరాబాద్‌లోని అత్తగారింటి నుంచి ఒక పెట్టె, ఒక కుట్టుమిషన్ ఆటోలో వేసుకుని వచ్చేసింది. అప్పటికిప్పటికి ఇరవై ఆరేళ్లు. ఎందుకు వచ్చేశావని మొదట్లో అడిగినవాళ్లకు చెప్పలేదు. తరవాత అడిగేవాళ్లు లేకపోయారు.

ఆమెకు ఫైటింగ్ సినిమాలంటే ప్రాణం. పొద్దంతా ఒకరు చెయ్యి బిగుతంటారు, ఒకరు మెడ మరీ దిగిందంటారు. బట్ట తక్కువ తెచ్చినవాళ్లు కూడా తప్పు టైలర్‌దే అంటారు. అందరికీ "సరే అక్కా, సరిచేస్త" అనడమే. సాయంత్రం హుక్కులు కుట్టుకుంటూ కూచున్నప్పుడు టీవీలో ఎవడో ఒకడు లేచి, కొట్టాల్సినవాణ్ణి కొడుతుంటే ఆమెకు ఒళ్లు తేలికయ్యేది. కొత్త సినిమా వస్తే క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకు ఒక్కతే వెళ్లివచ్చేది. షాపుకొచ్చే ఆడవాళ్లకు ఈ సంగతి తెలియదు.

బాలత్రిపురసుందరిగారికి అసలే తెలియదు. ఆవిడ కాకినాడ మనిషి, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై అశోక్‌నగర్‌లో ఉంటున్నారు. మూడేళ్ల కిందట జాకెట్లు తీసుకోవడానికి వచ్చి, నారాయణగూడలో ఒక ఫిల్మ్ క్లబ్బు ఉందని, నెలనెలా రెండో శనివారం అవార్డులొచ్చిన సినిమాలు వేస్తారని, తమ ఇంటాయనకు సినిమాలు పడవని చెప్పి, తోడు వస్తావా అని అడిగారు. విజయశ్రీని ఎక్కడికైనా రమ్మని ఎవరైనా పిలిచి అప్పటికి చాలా ఏళ్లయింది. ఆలోచించకుండానే వస్తానంది.

మొదటి సినిమాలో ఒక ముసలాయన మంచులో గాడిదను తోలుకుంటూ పోతాడు. పోతూనే ఉంటాడు. నిద్ర ఆపుకోవడానికి విజయశ్రీ ముందు వరసలో కూచున్నవాళ్ల జాకెట్ల వెనక డోరీలు లెక్కపెట్టింది. బయటికొచ్చాక ఎలా ఉందని సుందరిగారు అడిగారు. బాగుంది మేడం అంది. అలా మూడేళ్లలో ముప్పై సినిమాలు బాగున్నాయి.

సినిమా తరవాత ఇద్దరూ నారాయణగూడ నుంచి నడిచి వచ్చేవాళ్లు. సుందరిగారు దారి పొడుగునా మాట్లాడేవారు. కాలేజీలో ప్రిన్సిపాల్‌తో పడ్డ గొడవలు, చిన్నప్పుడు గోదావరి చూసి జడుసుకున్న సంగతి, ఇంటాయన అలకలు. మాట తెగక గల్లీ మొదట్లో ఇంకో పావుగంట నిలబడేవాళ్లు. విజయశ్రీకి నెలంతటిలో ఆ నడకే సినిమా.

పోయిన వర్షాకాలంలో క్లబ్బువాళ్లు ఒక తెలుగు సినిమా పెట్టారు. కుట్టుపని చేసుకునే ఒంటరి ఆడదాని కథ. రెండు పరాయి దేశాల్లో బహుమతులు వచ్చాయట. తీసిన కుర్రాడు ఫణికిరణ్ కూడా వస్తున్నాడు. నా స్నేహితురాలు టైలరే, ఆవిడ చేత మాట్లాడిస్తానని సుందరిగారు క్లబ్బులో ఒప్పుకుని వచ్చేశారు. నా స్నేహితురాలు అన్నారని తెలిసి విజయశ్రీ ఆ వారమంతా హుషారుగా ఉంది. తనకోసం ఒక కొత్త జాకెట్టు కుట్టుకుంది. చెప్పాల్సిన మాట కూడా తయారు చేసుకుంది: మా బతుకు ఉన్నదున్నట్టు చూపించిన్రు. ఆ ఒక్క మాట చెప్పి దిగిపోతే సుందరిగారి పరువు నిలుస్తుంది. రెండో శనివారాలూ నిలుస్తాయి.

సినిమాలో ఆ మనిషి మిషన్ ముందు కూచుని కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. చాలాసేపు చూస్తుంది. పక్కన సుందరిగారు కళ్లు తుడుచుకున్నారు. విజయశ్రీ చూపు మాత్రం ఆ నటి చేతుల మీదనే ఉంది. సూది పక్కన బట్టను అదిమిపట్టే చిన్న పాదం ఉంటుంది. దాన్ని దించనిదే కుట్టు పడదు. సినిమా మొదలైన దగ్గరనుంచి ఆ పాదం పైకే ఉంది.

లైట్లు వేశాక ఆమెను వేదిక మీదికి పిలిచారు. సినిమా బాగుందా అని అడిగి ఉంటే తయారు చేసుకున్న మాట చెప్పేదే. కానీ ఫణికిరణ్ మైకు అందిస్తూ, "మీ పని సరిగ్గా చూపించామా అమ్మా?" అన్నాడు.

పని సంగతి అడిగాడు. విజయశ్రీ ఒక క్షణం సుందరిగారి వైపు చూసింది.

"పాదం దించలే బాబూ" అంది. "పాదం దించకుంట తొక్కితే దారమంత కిందికి గుంజుకపోయి ఉండ కడ్తది. ఆ పిల్ల సినిమా మొత్తంల ఒక్క కుట్టు గూడ కుట్టలే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, ఇది కుట్టు నేర్పే సినిమా కాదమ్మా, ఆవిడ ఒంటరితనం చూడాలి అన్నారు.

"ఒక్కదాన్నే ఉంట సార్ నేను గూడ" అంది విజయశ్రీ. "కిటికీల కెల్లి చూస్కుంట కూసుంటే పండుగ ముందు జాకెట్లు ఎవరిస్తరు? టీవీ పెట్టుకుంట. ఫైటింగ్ సినిమాలు చూస్త."

ఈసారి హాలంతా నవ్వింది. ఫణికిరణ్ నవ్వలేదు. పాదం సంగతి మరోసారి అడిగి ఫోనులో రాసుకున్నాడు. అప్పటికే సుందరిగారు సంచి సర్దుకుంటున్నారు.

సగం దారిదాకా సుందరిగారు రెండడుగులు ముందే నడిచారు. మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక సుందరిగారు ఆగారు.

"పాదం మాట పోనీవే. నీ పని, నువ్వు చెప్పావు. మూడేళ్లుగా అన్నీ బాగున్నాయన్నావుగా. అవన్నీ నా మొహం చూసి అన్నవేనా?"

సినిమాల కోసం రాలేదని, మీతో నడవడానికి వచ్చానని చెప్పాలి. అది నోట్లోదాకా వచ్చింది. అంత మాట ఎవరితోనూ ఎప్పుడూ అని ఎరగదు.

"ఒకటి రెండు నిజంగనే బాగుండె మేడం" అంది.

సుందరిగారు తలాడించి ఆటో ఎక్కారు.

ఇరవై రోజుల తరవాత పనిమనిషితో ఒక కవరు పంపించారు. అందులో జాకెట్టు బట్ట, దానితోపాటు ఒక పాత జాకెట్టు. దాన్నే ఆది అంటారు. కొత్త టైలర్‌కు కొలత తెలియదు కాబట్టి దాన్ని చూసి కుట్టమని ఇస్తారు. సుందరిగారికి పదకొండేళ్లుగా ఆది లేకుండానే కుడుతోంది విజయశ్రీ. మనిషి గుమ్మంలోకి వస్తుంటేనే ఒళ్లు చేసిందో చిక్కిందో తెలిసేది.

ఆ పాత జాకెట్టును బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. రెండేళ్ల కిందట తను కుట్టిందే. ఈ మధ్య సుందరిగారు చిక్కారు. ఆది ప్రకారం కుడితే చంకల దగ్గర వదులవుతుంది. ఇచ్చిన కొలతకు కుట్టి పంపితే ఎవరూ తప్పుపట్టరు. ఆదిని మడిచి కవర్లో పెట్టేసి, కళ్లలో ఉన్న కొలతకు కత్తిరించింది.

జాకెట్టు అందిన సాయంత్రం ఫోను వచ్చింది. సరిగ్గా కుదిరిందన్నారు సుందరిగారు. ఆది కంటే బాగుందని కూడా అన్నారు. విజయశ్రీ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"మేడం, ఈ శనివారం..."

"ఈసారి మా ఆడపడుచు వస్తానంది, విజయశ్రీ" అన్నారు మెత్తగా.

శనివారం మూడింటికి అలవాటుగా షట్టర్ దించేసింది. దించాక మళ్లీ ఎత్తబుద్ధి కాలేదు. క్రాస్‌రోడ్స్‌కు వెళ్లి కొత్త సినిమాకు ఒక టికెట్టు తీసుకుంది. ఫైట్లు బాగున్నాయి. ముందు వరసల్లో కుర్రాళ్లు ఈలలు వేశారు. హీరో చొక్కా చెయ్యి ఒకచోట చిరిగి, మరుక్షణం బాగైపోతే విజయశ్రీ తనలో తనే నవ్వుకుంది.

తిరిగి నడిచి వస్తూ, ఈ సినిమా ఎలా ఉందని సుందరిగారు అడిగితే ఏం చెప్పాలా అనుకుంది. ఫైట్లు తీసేసి చెబితే కథ రెండు మాటల్లో అయిపోయింది. అలా కాదని మనసులోనే మొదటినుంచి ఎత్తుకుంది, ఈసారి ఫైట్లతో సహా, ఎవణ్ణి ఎందుకు కొట్టాడో, ఎక్కడ తనకు ఊపిరాగినంత పనైందో ఏదీ దాచకుండా. మూడో ఫైటు సగంలో ఉండగా షాపు వచ్చేసింది.