శెనక్కాయ డొల్లలో మాత్ర

మా అబ్బాయికి కుదురు కోసం డాక్టరు రాసిన మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు విత్తనపు శెనక్కాయల మట్టివాసన గుర్తొస్తుంది.

నా ఎనిమిదో ఏట గుత్తిలో ఒక డాక్టరు నాకూ అలాంటివే ఇచ్చాడు. మింగిన రోజు పాఠం బుర్రకెక్కేది, కానీ కాళ్లు కదిలేవి కావు. చేలో పడే ఆవు మెడకు నాయన కట్టే గుదిబండ నా కడుపులో ఉందనుకున్నాను. అందుకే మాత్రను ఖాళీ డొల్లలో మూసి, అమ్మ ఒలుస్తున్న కాయల కుప్పలోకి తోసేదాన్ని. అంత కుప్ప ఎప్పటికీ తరగదనుకున్నాను.

తరిగింది. అమ్మ ఒక కాయ నొక్కితే మాత్ర రాలింది.

“ఏంది పాపా ఇది?”

“మింగితే యాడికీ పోబుద్ధి గాదుమా.”

అమ్మ నీళ్ల చెంబు అందించింది. “నేను ఈ కుప్ప కాడ్నుంచి యాడికి పోయినాను? నువ్వన్నా సదువుకోని పోదువు. మింగు.”

మింగాను. చదువుకున్నాను.

ఈ ఉదయం మాత్ర ఇచ్చాక, మింగాడో దాచాడోనని మా అబ్బాయి జేబు తడమబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.