నానక్‌రామ్‌గూడలో ఎవరూ ఎరగని మల్లేశ్

2011 సెప్టెంబరు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. హైటెక్ సిటీ ఆఫీసులకు జనం షేర్ ఆటోల్లో వేలాడుతూ వస్తున్నారు. నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి మియాపూర్‌లో గది తీసుకుని, మాదాపూర్‌లోని ఒక ఏజెన్సీలో ఫీల్డ్ వెరిఫికేషన్ చేసేవాణ్ని. ఎవరైనా క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెడితే, అందులో రాసిన ఇల్లూ ఉద్యోగమూ నిజమో కాదో వెళ్లి చూసి రావాలి. బ్యాంకువాళ్లు ఆ ఇంటి గడప తొక్కరు. మేం రాసిన నాలుగు ముక్కలు చూసే కార్డు ఇస్తారు, లేదా మానేస్తారు.

ఆ పనిలో నాకు కాస్త పొగరుండేది. నా రిపోర్టు తప్పని అప్పటిదాకా అన్నవాడు లేడు మరి.

ఒకరోజు మల్లేశ్ అనే ఆయన ఫైలు వచ్చింది. ఐటీ టవర్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. అడిగింది ఎయిర్‌లైన్ రివార్డ్స్ కార్డు. అంటే, దాంతో కొన్నప్పుడల్లా విమాన ప్రయాణానికి పనికొచ్చే పాయింట్లు చేరతాయి, కార్డు తీసుకున్నందుకు ముందుగానే రెండు ఉచిత టికెట్లు ఇస్తారు. ఎప్పుడూ విమానం ఎక్కనివాడికి ఇదెందుకో అనుకుంటూ బండి తీశాను.

నానక్‌రామ్‌గూడ మలుపులో రోడ్డు మూసేసి వంటావార్పు పెట్టారు. బస్తీ బస్తీ రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని, బంతులు తీరి తింటోంది. అది వాళ్ల నిరసన. బండి దిగి గుండిగల పక్కనుంచి నెట్టుకుంటూ పోతుంటే ఒకామె, "అన్నం తిని పో అన్నా," అంది. పనుందని విసుక్కుంటూ వచ్చేశాను.

మల్లేశ్ ఇంటికి తాళం. అలాంటప్పుడు ఇరుగుపొరుగులో ఇద్దరిని విచారించాలి. కార్డు సంగతి మాత్రం వాళ్లకు చెప్పకూడదు, అది దరఖాస్తుదారు సొంత విషయం. చంకలో ఫైలు, చేతిలో మల్లేశ్ ఫొటోతో ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్లాను.

"ఈ మల్లేశ్ గారు ఇక్కడే ఉంటారాండీ? ఎన్నేళ్లయింది? ఇంటికి ఏ టైముకు వస్తుంటారు?"

కొట్టామె ఫొటో చూసింది, నన్ను చూసింది. "గసువంటోడు ఈడ ఎవ్వడు లేడు."

పక్కన ఆటో తుడుచుకుంటున్నాయన్ని అడిగాను. "మాకెరుక లేదు సార్. మీరెవలు? ఏడికెళ్లి వచ్చిండ్రు?"

"ఒక పని మీద వచ్చానండీ," అన్నాను. ఆయన తిరిగి తుడుచుకోవడంలో పడ్డాడు.

ఇంటికి తాళం ఉంటే మరో రోజు వెళ్లాలన్నది నియమం. మళ్లీ ఈ రోడ్డున పడి ఎవడు వస్తాడనిపించింది. 'దరఖాస్తుదారును స్థానికులు ఎరగరు' అని రాసి సంతకం పెట్టాను.

పది రోజులకు మల్లేశే మా ఆఫీసుకు వచ్చాడు. బ్యాంకు ఉత్తరం నా బల్ల మీద పెట్టి నిదానంగా అడిగాడు.

"పుట్టినకాడికెళ్లి ఆ గల్లీలనే ఉంటున్న. నన్నెవ్వరు ఎరగరని రాసింది మీరేనా అన్నా?"

నేను ఎవరిని అడిగానో, ఏమని అడిగానో చెప్పాను. ఆయన నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు.

"నువ్వు వచ్చిన ముందు వారమే మా బస్తీల ఇద్దరు పోరగాండ్లను పోలీసులు పట్టుకపోయిండ్రు. ఫొటో పట్టుకొని, ఇంటికి ఎప్పుడొస్తడని అడిగితే ఏమనుకుంటరు? పైంగ నీ మాట ఆంధ్ర మాట. మఫ్టీల పోలీసనుకున్నరు. నన్ను కాపాడినమని ఆ కొట్టు అక్క నాకే సంబురంగ చెప్పింది. నేను ఆ పొద్దు రోడ్డు మీద అన్నం వడ్డిస్తున్న."

తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు. వాళ్ల నాయన యాదయ్యకు శంషాబాద్ దగ్గర అమ్మమ్మ తరఫున వచ్చిన మూడెకరాల చేను విమానాశ్రయం కిందికి పోయింది. ఆయన కళ్లకు నీటికాసుల జబ్బు. చూపు పోయేలోగా ఆ చేను మీంచి ఒక్కసారి ఎగరాలని కోరిక.

"టికెట్ కొంటనంటే తిట్టిండు, పైసలు పెట్టి గాల్లె తిరుగుడేందని. కార్డుకు పుణ్యానికొస్తదంటే ఒప్పుకున్నడు. యాడికి పోదమంటే, ఎటు పోతేంది, లేచేది మన చేన్లకెల్లే గదా అన్నడు."

ఏడాదికోసారి కార్డుకు ఫీజు ఉంటుందన్న మాట ముసలాయన చెవిన వేయలేదట.

బ్యాంకులో ఒకసారి నెగిటివ్ పడితే ఆరు నెలల దాకా కొత్త దరఖాస్తు తీసుకోరు. రెండోసారి వెళ్లకుండానే రిపోర్టు ఇచ్చానని, తప్పు నాదేనని కాగితం రాసి మా మేనేజర్‌కు ఇచ్చాను. నాకు మెమో వచ్చింది. ఫైలు తిరిగి తెరిచారు గానీ, అది బల్లలన్నీ దాటి కార్డు చేతికొచ్చేసరికి డిసెంబరు అయింది.

బెంగళూరు వెళ్లొచ్చామని మల్లేశ్ ఫోన్ చేస్తే చూడటానికి వెళ్లాను. యాదయ్య నులకమంచం మీద జరిగి చోటిచ్చాడు.

"కూసో బిడ్డా. మావోడు చెప్పిండు. బ్యాంకోళ్లు ఇయ్యమని మొండికేస్తే నువ్వే కొట్లాడి ఇప్పించినవట."

మల్లేశ్ వంక చూశాను. ఆయన తల దించుకుని చాయ్ పోస్తున్నాడు.

"చేను కనబడిందా పెద్దయ్యా?"

"దీపావళికే ఒక కన్ను పాయె. రెండోదాంట్ల అంత మసక. తెల్లటి గీతొకటి ఉరికినట్టయింది, గంతే. చేన్ల మా బాయి ఉన్న తావు దేవులాడిన, దొరకలే. జర ముందుగాల పోతే కనబడునేమో. అయినా నీ పున్నెం బిడ్డా, ఎగిరిన."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. మల్లేశ్ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, "తాగన్నా, చల్లారుతది," అన్నాడు.

బయటికొచ్చాక, ఎందుకు ఆపావని అడిగాను.

"చెప్తే ఆయనకు చూపొస్తదా? నీ మీద కోపమే మిగులుతది. ఇగ వదిలేయ్."

ఆ తర్వాత ఇంకా ఎనిమిదేళ్లు ఆ పని చేశాను. తాళం ఉన్న ఇంటికి రెండోసారి వెళ్లకుండా ఒక్క రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు. ఎవరి గురించి అడగాలన్నా ముందు నా పేరు, నా ఊరు, ఏజెన్సీ గుర్తింపు కార్డు వాళ్ల ముందు పెట్టేవాణ్ని. ఎవరైనా తెలియదంటే, నన్ను చూసి వీళ్లు ఏమనుకుని ఉంటారని ఒకసారి ఆలోచించుకునేవాణ్ని.

కొట్టామె మల్లేశ్‌ను నా నుంచి కాపాడింది. మల్లేశ్ నన్ను వాళ్ల నాయన నుంచి కాపాడాడు. యాదయ్య వెతికిన బావి చోటు కనబడకుండా చేసింది నేనేనని ఆయనకు చివరిదాకా తెలియదు. ఆ చాయ్ ఎలా తాగానో ఇప్పటికీ నాకు తెలియదు.